ఓడ కోసం వెలిసి.. ఉప్పెనలో కలిసి: ధనుష్కోటి రైల్వే స్టేషన్ చరిత్ర

తమిళనాడులోని రామనాథపురం జిల్లా, రామేశ్వరం ద్వీపానికి ఆగ్నేయపు కొస. ఒకవైపు బంగాళాఖాతంలోని పాక్ అఖాతం, మరోవైపు మన్నార్ సింధుశాఖ. రెండింటి నడుమ సన్నని ఇసుక పట్టీ. దానిపై పైకప్పులు లేని కొన్ని గోడలు, ఒక చర్చి శిథిలం, ఇసుకలో సగం పూడిన కట్టడాలు నేటికీ కనిపిస్తాయి. భారతదేశాన్ని సింహళ ద్వీపంతో కలిపిన ధనుష్కోటి రైల్వే స్టేషన్, దాని చుట్టూ వెలసిన పట్టణం మిగిల్చిన గురుతులు ఇవే. 1914లో మద్రాసు నుంచి ఇక్కడి వరకు రైళ్లు నడవడం మొదలైంది. 1964 డిసెంబరు 22 అర్ధరాత్రి విరుచుకుపడిన ఉప్పెనతో ఆ మార్గం ముగిసిపోయింది. నాటి నుంచి నేటి వరకు ధనుష్కోటికి రైలు రాలేదు.

కాశీ, రామేశ్వర యాత్ర చేసే తెలుగువారికి ధనుష్కోటి సుపరిచితమైన పేరు. ఇక్కడి సేతు తీర్థంలో స్నానమాచరించి, ఇసుకను తీసుకెళ్లి ప్రయాగ త్రివేణీ సంగమంలో కలపడం, అక్కడి గంగాజలాన్ని తెచ్చి రామనాథస్వామికి అభిషేకించడం తరతరాలుగా వస్తున్న ఆచారం. అయితే ఇక్కడి రైల్వే స్టేషన్ కేవలం యాత్రికుల కోసం కట్టింది కాదు. దాని పుట్టుకకు కారణం ఓడ. దాని అంతానికి కారణమైన ఉప్పెన గురించి అందరికీ తెలుసు. అయితే ఉప్పెన తరువాత దానిని మళ్లీ ఎందుకు కట్టలేదన్న ప్రశ్నకు జవాబు కూడా ఓడలోనే ఉంది.

పేరు వెనుక కథ

'ధనుస్సు' అంటే విల్లు, 'కోటి' అంటే కొస. తమిళంలో దీనిని ధనుష్కోడి అంటారు. రావణ సంహారానంతరం, లంకాధిపతి అయిన విభీషణుడి కోరికపై శ్రీరాముడు తన వింటి కొసతో సేతువును ఛేదించిన చోటు ఇదేనని స్థలపురాణం. రామేశ్వరం నుంచి ధనుష్కోటికి వెళ్లే దారిలో ఉన్న కోదండరామస్వామి ఆలయం విభీషణుడు శరణు పొందిన స్థలంగా ప్రసిద్ధి చెందింది. 1964 నాటి ఉప్పెనకు చుట్టుపక్కల కట్టడాలు నేలమట్టమైనా ఈ ఆలయం నిలిచింది.

ఇక్కడి మత్స్యకారులు తమకు ఇరువైపులా ఉన్న సముద్రాలను 'ఆడ కడలి', 'మగ కడలి' అని వ్యవహరిస్తారు. సాధారణంగా శాంతంగా ఉండే పాక్ అఖాతం ఆడ కడలి. ఎగసిపడే అలల మన్నార్ సింధుశాఖ మగ కడలి. ఈ రెండింటి మధ్య గట్టి నేల అంటూ లేదు. ఉన్నదల్లా గాలికి, అలలకు నిత్యం రూపు మార్చుకునే ఇసుక. స్టేషన్‌ను కట్టింది ఈ ఇసుక మీదనే.

తేయాకు తోటలు, తూత్తుకుడి ఓడలు

పందొమ్మిదో శతాబ్ది ద్వితీయార్ధంలో సింహళంలో కాఫీ, ఆ తరువాత తేయాకు తోటలు విస్తరించాయి. వాటిలో పనిచేయడానికి మద్రాసు రాజధానిలోని తమిళ జిల్లాల నుంచి కూలీలు పెద్దసంఖ్యలో వలస వెళ్లేవారు. వర్తకులు, ఉద్యోగులు, తపాలా సంచులు కూడా అదే బాటలో సాగేవి. మద్రాసు నుంచి తూత్తుకుడి వరకు రైలులో వెళ్లి, అక్కడ ఓడ ఎక్కి కొలంబోకు చేరుకోవడం అప్పటి పద్ధతి. ఓడను అందుకునే రైలు కనుక దానికి 'బోట్ మెయిల్' అన్న పేరు స్థిరపడింది. తూత్తుకుడి నుంచి కొలంబోకు రాత్రంతా సముద్రంపైనే గడపవలసి వచ్చేది.

ఈ సముద్ర ప్రయాణాన్ని తగ్గించాలన్న ఆలోచనే ధనుష్కోటి స్టేషన్‌కు మూలం. ధనుష్కోటి నుంచి సింహళంలోని తలైమన్నార్‌కు సముద్ర మార్గం సుమారు 35 కిలోమీటర్లు మాత్రమే. రైలును ద్వీపం చివరి వరకు తీసుకెళ్లగలిగితే రాత్రంతా సాగే ఓడ ప్రయాణం కొద్ది గంటలకు తగ్గిపోతుంది. సౌత్ ఇండియన్ రైల్వే మదురై నుంచి మండపం వరకు వేసిన మార్గం 1902లో ప్రారంభమైంది. మండపం ప్రధాన భూభాగపు అంచు. అక్కడి నుంచి ద్వీపానికి మధ్య పాంబన్ జలసంధి అడ్డుగా ఉంది.

పాంబన్ వంతెనతో తెరుచుకున్న దారి

జలసంధిపై వంతెన నిర్మాణం పూర్తయి 1914 ఫిబ్రవరి 24న రాకపోకలు మొదలయ్యాయి. రెండు కిలోమీటర్లకు పైగా పొడవున్న ఈ వంతెన మన దేశంలో సముద్రంపై కట్టిన తొలి వంతెన. స్తంభాల నడుమ 40 అడుగుల చొప్పున 145 గర్డర్లు, ఓడలు దాటేందుకు మధ్యలో రెండుగా విచ్చుకుని పైకి లేచే ఒక భాగం దీని ప్రత్యేకత. పైకి లేచే భాగం అమెరికాకు చెందిన షెర్జర్ సంస్థ నమూనాలో రూపొందింది. ఓడ వచ్చినపుడల్లా సిబ్బంది ఇరువైపులా నిలబడి చేతులతో మీటలు తిప్పి దానిని ఎత్తేవారు. 2009లో ముంబయిలో బాంద్రా-వర్లీ వంతెన ప్రారంభమయ్యే వరకు దేశంలో అతి పొడవైన సముద్ర వంతెన ఇదే.

వంతెన దాటాక పాంబన్ స్టేషన్ వద్ద రైలుమార్గం రెండుగా చీలేది. ఒక శాఖ రామనాథస్వామి కొలువైన రామేశ్వరానికి, రెండవది ధనుష్కోటికి వెళ్లేది. బోట్ మెయిల్ గమ్యం రామేశ్వరం కాదు, ధనుష్కోటి. అదే సంవత్సరం సింహళంలో తలైమన్నార్ వరకు రైలుమార్గం సిద్ధమైంది. దానితో తూత్తుకుడి దారి స్థానంలో ధనుష్కోటి దారి ప్రధానమైంది.

ఒకే టికెట్టుపై మద్రాసు నుంచి కొలంబోకు

రాత్రి మద్రాసు ఎగ్మోరులో బయలుదేరిన ప్రయాణికుడు మరునాడు మధ్యాహ్నానికి ధనుష్కోటి చేరేవాడు. అక్కడ సుంకం, వలస, ఆరోగ్య తనిఖీలు ముగించుకుని రేవులో సిద్ధంగా ఉన్న ఆవిరి ఓడ ఎక్కేవాడు. అవతలి ఒడ్డున తలైమన్నార్ రేవులో మరో రైలు వేచి ఉండేది. అందులో రాత్రి ప్రయాణించి మరునాటి ఉదయానికి కొలంబో చేరుకునేవాడు. రైలు, ఓడ, మళ్లీ రైలు. మూడింటికీ కలిపి ఒకే టికెట్టు సరిపోయేది. భారతదేశం వైపు పట్టాలు మీటరు గేజి కాగా, సింహళం వైపు బ్రాడ్ గేజి. ఈ మార్గంలో నడిచిన ఓడలలో ఇర్విన్, గోషెన్ పేరొందినవి.

తోటల కూలీల ప్రయాణం ఇంత సాఫీగా ఉండేది కాదు. వారిని మొదట మండపం వద్ద సింహళ ప్రభుత్వం నడిపిన శిబిరంలో ఉంచేవారు. అంటువ్యాధులు లేవని తేలిన తరువాతే ముందుకు పంపేవారు. ఒకే రైలు మార్గంలో దొరల మొదటి తరగతి పెట్టెలు, కూలీల శిబిరం రెండూ ఉండేవన్నది గమనార్హం.

రైలు, ఓడల రాకపోకలతో ఇసుక తిన్నెపై పట్టణమే వెలిసింది. రైల్వే సిబ్బంది గృహాలు, సుంకపు కార్యాలయం, తపాలా తంతి కార్యాలయం, ఆసుపత్రి, బడి, చర్చి, ఆలయం, యాత్రికుల సత్రాలు, దుకాణాలు ఏర్పడ్డాయి. రేవు కూలీలు, పడవవారు, చేపల వ్యాపారులు, పురోహితులు ఎందరికో ఆ స్టేషన్ జీవనాధారమైంది.

కలాం బాల్యంలో ఈ రైలు

మాజీ రాష్ట్రపతి ఏపీజే అబ్దుల్ కలాం 1931లో రామేశ్వరంలో జన్మించారు. ఆయన తండ్రి యాత్రికులను రామేశ్వరం నుంచి ధనుష్కోటికి తీసుకెళ్లేందుకు పడవను నిర్మించుకున్న సంగతిని 'వింగ్స్ ఆఫ్ ఫైర్' ఆత్మకథలో కలాం ప్రస్తావించారు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో రామేశ్వరంలో రైలు ఆగడం రద్దయింది. దాంతో వార్తాపత్రికల కట్టలను రామేశ్వరం, ధనుష్కోటి మధ్య నడుస్తున్న రైలు నుంచే విసిరివేసేవారు. ఆ కట్టలను పట్టుకుని తన సమీప బంధువుకు అందించడమే తన తొలి సంపాదన అని కలాం రాసుకున్నారు.

తుపాను ముందు ఒక ఒప్పందం

1948లో సింహళం స్వతంత్ర దేశమైన తరువాత అక్కడి తోటలలో తరతరాలుగా పనిచేస్తున్న లక్షలాది భారత సంతతివారి పౌరసత్వం వివాదంగా మారింది. 1964 అక్టోబరు 30న భారత ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి, సింహళ ప్రధాని సిరిమావో బండారనాయకే ఒక ఒప్పందానికి వచ్చారు. సుమారు 9.75 లక్షల మందిలో 5.25 లక్షల మందికి భారత పౌరసత్వం ఇచ్చి ఇక్కడికి తీసుకురావాలని, 3 లక్షల మందికి సింహళ పౌరసత్వం ఇవ్వాలని, మిగిలిన 1.50 లక్షల మంది విషయం తరువాత తేల్చాలని నిర్ణయించారు. తాతలు ధనుష్కోటి మీదుగా వెళ్లిన దారిలోనే మనుమలు తిరిగి రావలసి ఉంది. ఒప్పందం కుదిరిన ఎనిమిది వారాలకే ఆ దారి సముద్రంలో కలిసిపోయింది.

ఆ కాళరాత్రి

1964 డిసెంబరు 17న దక్షిణ అండమాన్ సముద్రంలో అల్పపీడనం ఏర్పడింది. 19వ తేదీకి అది తీవ్ర తుపానుగా బలపడింది. భూమధ్యరేఖకు అంత సమీపంలో తుపాను పుట్టడం అరుదైన విషయం. 21వ తేదీ తరువాత దాదాపు సరళరేఖలో పశ్చిమంగా కదిలి, 22న సింహళంలోని వవునియా ప్రాంతాన్ని దాటి, ఆ రాత్రి ధనుష్కోటిపై విరుచుకుపడింది. గాలి వేగం గంటకు 280 కిలోమీటర్ల వరకు ఉన్నట్లు, ఉప్పెన ఏడు మీటర్ల ఎత్తున లేచినట్లు అంచనా.

అదే రాత్రి 11.55 గంటలకు 653 నంబరు పాసింజరు రైలు పాంబన్‌లో ధనుష్కోటికి బయలుదేరింది. ఆరు పెట్టెల ఆ రైలులో 110 మంది ప్రయాణికులు, ఐదుగురు రైల్వే సిబ్బంది ఉన్నట్లు లెక్క. రైలు ధనుష్కోటి సమీపానికి చేరింది. స్టేషన్ మరికొన్ని వందల గజాల దూరంలో ఉందనగా సిగ్నల్ కనిపించలేదు. చుట్టూ చీకటి, కుండపోత వర్షం. కొంతసేపు ఆగి, కూత వేసి చూసినా ఎటువంటి సంకేతం రాకపోవడంతో డ్రైవరు రైలును ముందుకు నడిపినట్లు నాటి కథనాలు తెలుపుతున్నాయి. అంతలో లేచిన ఉప్పెన రైలును మొత్తంగా ముంచివేసింది. అందులోని వారెవరూ ప్రాణాలతో బయటపడలేదు. టికెట్టు లేకుండా ఎక్కినవారిని కలుపుకుంటే మృతుల సంఖ్య 200 వరకు ఉండవచ్చన్న అంచనాలు ఉన్నాయి.

ధనుష్కోటి పట్టణంలో ఇళ్లు, కార్యాలయాలు, సత్రాలు, రేవు కట్టలు కొట్టుకుపోయాయి. ఈ తుపానులో మొత్తం 1,800 మందికి పైగా మరణించినట్లు అంచనా. తంతి తీగలు తెగిపోవడంతో ఈ ఘోరం వెంటనే బయటి ప్రపంచానికి తెలియలేదు. మండపంలోని మెరైన్ సూపరింటెండెంటు పంపిన సమాచారం ఆధారంగా రైల్వే ప్రధాన కార్యాలయం ప్రకటన వెలువరించేసరికి సుమారు 48 గంటలు గడిచాయి. రామేశ్వరంలో వందలాది మంది రామనాథస్వామి ఆలయంలో తలదాచుకున్నారు. ఆ రోజుల్లో రామేశ్వర యాత్రకు వెళ్లిన ప్రముఖ నటి సావిత్రి, ఆమె భర్త జెమినీ గణేశన్ కూడా తుపానులో చిక్కుకుని క్షేమంగా బయటపడ్డారు.

గాలి కన్నా ఉప్పెన ఎంత ప్రమాదకరమో తెలుగువారికి చెప్పనవసరం లేదు. దాదాపు 13 ఏళ్ల తరువాత, 1977 నవంబరు 19న దివిసీమలో అదే ఉప్పెన వేలాది ప్రాణాలను బలిగొన్నది. పల్లపు తీరంలో నీరు గోడలా లేచి వచ్చినపుడు పరుగెత్తేందుకు మెరక ఉండదు. ధనుష్కోటిలో రెండు వైపులా సముద్రమే. మెరక అన్న మాటకే చోటు లేదు.

46 రోజుల్లో వంతెన.. స్టేషన్ మాత్రం లేదు

పాంబన్ వంతెనపై ఉన్న 145 గర్డర్లలో 126 సముద్రంలో పడిపోయాయి. పైకి లేచే మధ్య భాగం మాత్రం నిలిచింది. వంతెన పునరుద్ధరణకు రైల్వే శాఖ తొలుత ఆరు నెలల గడువు పెట్టుకుంది. ఆ బాధ్యతను యువ ఇంజినీరు ఇ.శ్రీధరన్‌కు అప్పగించారు. సముద్రంలో పడిన గర్డర్లను వెలికితీయించి, తిరిగి స్తంభాలపై అమర్పించి, 46 రోజుల్లోనే ఆయన పని పూర్తి చేశారు. అందుకు రైల్వే మంత్రి పురస్కారం అందుకున్నారు. కొంకణ్ రైల్వే, ఢిల్లీ మెట్రో నిర్మాతగా దేశమంతటా పేరు పొందిన శ్రీధరన్‌కు తొలి గుర్తింపు తెచ్చినది ఈ వంతెనే.

వంతెనను అంత వేగంగా నిలబెట్టిన రైల్వే, పాంబన్-ధనుష్కోటి శాఖను మాత్రం వదిలివేసింది. మద్రాసు ప్రభుత్వం ధనుష్కోటిని నివాసయోగ్యం కాని ప్రాంతంగా ప్రకటించింది. ఓడల రేవును రామేశ్వరానికి మార్చారు. తలైమన్నార్ ఓడ అక్కడి నుంచే బయలుదేరసాగింది. రామేశ్వరానికి యాత్రికులు ఉన్నారు, ఇప్పుడు ఓడ కూడా వచ్చింది. ధనుష్కోటికి ఓడ పోయిన తరువాత రైలు నడపడానికి కారణమే లేకపోయింది. పట్టాలను సముద్రం తెంచితే, స్టేషన్ అవసరాన్ని తెంచింది రేవు మార్పు.

శాస్త్రి-సిరిమావో ఒప్పందం కింద తిరిగివచ్చిన తోట కార్మికుల కుటుంబాలు తలైమన్నార్ నుంచి రామేశ్వరం రేవులో దిగి, మండపం శిబిరం మీదుగా తమకు కేటాయించిన ప్రాంతాలకు వెళ్లాయి. శ్రీలంకలో జాతుల ఘర్షణ ముదరడంతో 1980ల్లో ఆ ఓడ సర్వీసు కూడా నిలిచిపోయింది. ఒకనాడు కూలీలను పరీక్షించిన మండపం శిబిరం, తరువాత శ్రీలంక తమిళ శరణార్థులకు ఆశ్రయమైంది.

వెళ్లిపోని మత్స్యకారులు

ప్రభుత్వ రికార్డులలో నివాసయోగ్యం కాకపోయినా, ధనుష్కోటిని మత్స్యకారులు పూర్తిగా విడిచిపెట్టలేదు. తాటాకు గుడిసెలు వేసుకుని చేపల వేటతో జీవనం సాగిస్తూ వచ్చారు. రెండు సముద్రాల నడుమ ఇసుకలో చిన్న గుంట తవ్వితే ఊరే మంచినీరే వారికి ఆధారం. దశాబ్దాల పాటు విద్యుత్తు, రోడ్డు, వైద్యం వంటి సౌకర్యాలకు వారు దూరంగా ఉన్నారు. ముకుందరాయర్ సత్రం వద్ద రోడ్డు ముగిసేది. అక్కడి నుంచి శిథిలాలు చూడాలనుకునేవారు ఇసుకలో, నీటిలో వ్యాన్లలోనో, కాలినడకనో వెళ్లవలసి వచ్చేది.

2017 జులై 27న ఈ స్థితి మారింది. ముకుందరాయర్ సత్రం నుంచి ధనుష్కోటి మీదుగా అరిచల్‌మునై కొస వరకు 9.5 కిలోమీటర్ల రోడ్డును ప్రధాని నరేంద్ర మోదీ ప్రారంభించారు. అదే రోజు రామేశ్వరంలో కలాం స్మారకాన్ని కూడా జాతికి అంకితం చేశారు. నాటి నుంచి సందర్శకుల రద్దీ పెరిగింది. శంఖాలు, గవ్వలు, చేపల వేపుడు అమ్మే చిన్న దుకాణాలు కొన్ని కుటుంబాలకు వేటతో పాటు మరో ఆదాయ మార్గమయ్యాయి.

మళ్లీ రైలు.. ప్రతిపాదన వద్దే

రామేశ్వరం నుంచి ధనుష్కోటికి 17.20 కిలోమీటర్ల కొత్త మార్గం నిర్మాణానికి 2019 మార్చి 1న ప్రధాని కన్యాకుమారి సభ నుంచి శంకుస్థాపన చేశారు. అంచనా వ్యయం సుమారు రూ.208 కోట్లు. పాత మార్గం పాంబన్ నుంచి నేరుగా వెళ్లగా, ఈ ప్రతిపాదన రామేశ్వరం నుంచి మొదలవుతుంది. అయితే భూమి అప్పగింత, పర్యావరణ అభ్యంతరాల దగ్గర పథకం నిలిచిపోయింది. రాష్ట్ర ప్రభుత్వం విముఖత చూపింది. శంకుస్థాపన జరిగినా పట్టాలు పడలేదు.

వాదనలు రెండు వైపులా ఉన్నాయి. రైలు వస్తే సేతు స్నానానికి వెళ్లే వృద్ధులకు, పేద యాత్రికులకు తక్కువ ఖర్చుతో ప్రయాణం సాధ్యమవుతుందని, స్థానికులకు ఉపాధి పెరుగుతుందని కోరేవారు ఉన్నారు. ఏటా అలల కోతకు గురయ్యే ఇసుక పట్టీపై కట్టలు, గోడలు నిర్మిస్తే తీరపు సహజ స్వరూపం దెబ్బతింటుందని వ్యతిరేకించేవారు ఉన్నారు. మన్నార్ సింధుశాఖ 1986 నుంచి సముద్ర జాతీయోద్యానం, 1989 నుంచి జీవావరణ పరిరక్షణ ప్రాంతం. తాబేళ్లు గుడ్లు పెట్టే తీరమిది. వలస పక్షులైన రాజహంసలు ఇక్కడి ఉప్పునీటి మడుగులలో విడిది చేస్తాయి. 2025 జూన్‌లో తమిళనాడు ప్రభుత్వం ధనుష్కోటిలో సుమారు 524 హెక్టార్లను రాజహంసల అభయారణ్యంగా ప్రకటించింది.

నాటికీ నేటికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. 1914లో రైలు ఇక్కడికి రావడానికి కారణం అవతలి ఒడ్డుకు వెళ్లే ఓడ. ఇప్పుడు ఆ ఓడ లేదు. భారత్, శ్రీలంకల మధ్య 2023 అక్టోబరులో తిరిగి ప్రారంభమైన ప్రయాణికుల ఓడ సర్వీసు నాగపట్నం నుంచి కంకేశన్‌తురైకు నడిచేదే గాని ధనుష్కోటి దారిది కాదు. మరోవైపు, యుద్ధంలో ధ్వంసమైన తలైమన్నార్ రైలుమార్గాన్ని భారత ప్రభుత్వ రంగ సంస్థ ఇర్కాన్ పునర్నిర్మించింది. 2015 మార్చి 14న అక్కడి రైలుకు పచ్చజెండా ఊపింది కూడా భారత ప్రధానే. ఒకే ప్రయాణానికి రెండు కొసలైన స్టేషన్లలో అవతలిదానికి రైలు తిరిగి వచ్చింది. ఇవతలిది శిథిలంగానే ఉంది.

రైలు రావాలా, వద్దా అన్న నిర్ణయం ఏదైనా, 1964 నేర్పిన పాఠాన్ని పక్కన పెట్టలేరు. నాడు రైలు పాంబన్‌లో బయలుదేరే సమయానికి ముందున్న మార్గం స్థితి డ్రైవరుకు తెలియలేదు. తరువాతి కాలంలో పాంబన్ వంతెనపై గాలి వేగాన్ని కొలిచే పరికరాన్ని అమర్చి, వేగం హద్దు మీరితే రైలుకు సిగ్నల్ ఇవ్వని ఏర్పాటు చేశారు. ఇసుక కొసకు మళ్లీ రైలు వేస్తే గాలితో పాటు సముద్రపు నీటి మట్టాన్ని కూడా లెక్కలోకి తీసుకోవలసిందే.

పాత వంతెనకు సెలవు

2007లో మీటరు గేజి నుంచి బ్రాడ్ గేజికి మారిన పాత పాంబన్ వంతెనపై 2022 డిసెంబరులో రైళ్ల రాకపోకలు నిలిపివేశారు. దాని పక్కనే సుమారు రూ.550 కోట్లతో నిర్మించిన 2.08 కిలోమీటర్ల కొత్త వంతెనను 2025 ఏప్రిల్ 6న, శ్రీరామనవమి నాడు ప్రధాని ప్రారంభించారు. ఇందులో 72.5 మీటర్ల పొడవైన మధ్య భాగం నిలువుగా 17 మీటర్లు పైకి లేస్తుంది. దీనితో రామేశ్వరానికి రైళ్లు తిరిగి చేరుతున్నాయి. రైలుమార్గం ముగిసేది నేటికీ రామేశ్వరంలోనే. ధనుష్కోటి చూడదలచినవారు రామేశ్వరం నుంచి రోడ్డు మార్గంలో సుమారు 20 కిలోమీటర్లు వెళ్లాలి. శిథిలాల వద్ద రాత్రి బసకు వసతి లేదు కనుక పగటిపూట వెళ్లి చీకటి పడక ముందే తిరిగి రావడం మేలు.

ప్రధాన ఘట్టాలు

1902: మదురై-మండపం రైలుమార్గం ప్రారంభం.

1914 ఫిబ్రవరి 24: పాంబన్ వంతెనపై రాకపోకలు. ధనుష్కోటి-తలైమన్నార్ దారిలో మద్రాసు-కొలంబో ప్రయాణం మొదలు.

1964 అక్టోబరు 30: శాస్త్రి-సిరిమావో ఒప్పందం.

1964 డిసెంబరు 22-23: తుపాను, ఉప్పెన. 653 నంబరు పాసింజరు గల్లంతు. ధనుష్కోటి పట్టణం ధ్వంసం.

1965: 46 రోజుల్లో పాంబన్ వంతెన పునరుద్ధరణ. ధనుష్కోటి శాఖ రద్దు.

1980లు: రామేశ్వరం-తలైమన్నార్ ఓడ సర్వీసు నిలిపివేత.

1988 అక్టోబరు 2: పాంబన్ రోడ్డు వంతెన ప్రారంభం.

2015 మార్చి 14: శ్రీలంకలో తలైమన్నార్ వరకు రైలు పునఃప్రారంభం.

2017 జులై 27: అరిచల్‌మునై వరకు రోడ్డు.

2019 మార్చి 1: రామేశ్వరం-ధనుష్కోటి కొత్త మార్గానికి శంకుస్థాపన.

2025 ఏప్రిల్ 6: కొత్త పాంబన్ వంతెన ప్రారంభం.

2025 జూన్: ధనుష్కోటిలో రాజహంసల అభయారణ్యం.